మచ్చలేని లైసెన్సు

మా ఆయన లైసెన్సు పుస్తకంలో ఒకప్పుడు ఎర్రసిరాతో నాలుగు లైన్లు ఉండేవి. కింద మేజిస్ట్రేటుగారి సంతకం, పక్కన గుండ్రటి సీలు. తాగి లారీ నడిపినందుకు కోర్టు జరిమానా వేసిందని వాటి సారాంశం. ఆ రోజుల్లో డ్రైవరుకు శిక్ష పడితే కోర్టువాళ్ళు దాన్ని లైసెన్సులోనే ఎక్కించేవాళ్ళు. ఏ యజమాని దగ్గరికి పనికి వెళ్ళినా మనిషి ముఖం కంటే ముందు ఆ పేజీ చూసేవాడు. డెబ్బైల్లో ఆ నాలుగు లైన్లు మా ఇంట్లో రేపిన గొడవ అంతా ఇంతా కాదు. అందులో నా వాటా ఎంతో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందే ఒప్పుకుంటాను, నేను అనుమానం మనిషిని. పాలు పోసే ఆవిడ నీళ్ళు కలుపుతుందని ఊరంతటికీ తెలుసు. ఎక్కడ కలుపుతుందో కనిపెట్టాలని పదేళ్ళ వయసులోనే ఆమె వెనకాల రెండు వీధులు నడిచానట. ఇది పోలీసోడికి పుట్టాల్సింది అని మా అమ్మ అనేది. పోలీసు కాలేదు గానీ టీచర్నయ్యాను. తిరువూరులో ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం. ఎవరి పలక చూసి ఎవరు రాశారో ముఖాలు చూసి చెప్పేదాన్ని. నూటికి తొంభై పాళ్ళు నిజమయ్యేది. ఆ తొంభై చూసుకునే నాకంత పొగరు.

మా ఆయన లారీ డ్రైవరు. ఎ.కొండూరు వైపు తోటలున్న ఒక ఆసామి లారీ నడిపేవాడు. వేసవంతా మామిడికాయలు, తర్వాత పత్తి, ధాన్యం. తోటల దగ్గర ఒక ఆచారం ఉండేది. లోడు ఎత్తడం అయిపోయి తాళ్ళు బిగించాక, తోట గుత్తకు తీసుకున్నాయన డ్రైవరుకు ఒక గ్లాసు పోసేవాడు. వద్దంటే ఆయనకు తలకొట్టేసినట్టు ఉండేది. మా వైపు మద్యనిషేధం ఎత్తేసి, సారా కొట్లు మళ్ళీ తెరిచిన కొత్త రోజులవి. దొంగచాటుగా పోసేది కాస్తా దర్జాగా పోయడం మొదలుపెట్టారు.

ఒకనాటి ఉదయం ఆ ఒక్క గ్లాసు మూడయింది. ఎ.కొండూరు దాటాక కల్వర్టు దగ్గర లారీ రోడ్డు దిగి పక్క పొలంలోకి ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది దేవుడి దయ. కాయలన్నీ పొలం నిండా దొర్లాయి. పోలీసులు మా ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు నోరు వాసన చూసి, కళ్ళు మూసుకుని వేలితో ముక్కు ముట్టుకోమని, గచ్చు మీద గీత వెంబడి నడవమని, ఆ తర్వాత సర్టిఫికెట్టు రాసిచ్చాడు. కోర్టు రోజున యజమాని గుమాస్తా, "ఒప్పేసుకోవయ్యా, జరిమానా కట్టేసి గంటలో బయటపడదాం," అన్నాడు. ఒప్పుకున్నాడు. బయటపడ్డాడు. పుస్తకంలో ఎర్రసిరా పడింది.

ఆ రోజుతో తాగుడు మానేశాడు. నేను పెట్టిన పోరువల్ల కాదు. ఒరిగిన లారీ పక్కన కూర్చుని ఉంటే, కాయలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు తనను చూసి నవ్వారట. ఆ నవ్వు చెవుల్లోంచి పోవడం లేదని నాతో అన్నాడు. అప్పటిదాకా పేరుకు మాత్రం క్రైస్తవుడైన మనిషి, ఆ తర్వాత ప్రతి ఆదివారం గుడికి రావడం మొదలుపెట్టాడు.

మా గుడిలో నెలకు మొదటి ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్ళు. మగవాళ్ళ చాపలు ఒకవైపు, ఆడవాళ్ళ చాపలు ఒకవైపు. ఎవరికి బుద్ధి పుడితే వాళ్ళు లేచి, తాము ఎలాంటి పాపంలో ఉండేవాళ్ళో, దేవుడు ఎలా బయటపడేశాడో అందరి ముందూ చెప్పి కూర్చునేవాళ్ళు. పాపం ఎంత పెద్దదైతే సాక్ష్యానికి అంత విలువ. కొందరు పావుగంట చెప్పేవాళ్ళు. మా ఆయన మాత్రం లేచి, "ఒకప్పుడు తాగేవాణ్ణండి, దేవుడు మాన్పించాడండి," అని కూర్చునేవాడు.

నాకు కడుపు మండిపోయేది. చేసిన ఘనకార్యం అంతుంటే సాక్ష్యం ఇంతేనా? అందుకని ఆడవాళ్ళ చాపల మీద నుంచి నేను అందించేదాన్ని. "ఏ రోజో చెప్పండి" అనేదాన్ని. ఆయన తడుముకునేలోపే తారీకు, వారం, కల్వర్టు, డాక్టరు నడిపించిన గీత, ఏ కోర్టు, ఎంత జరిమానా, అన్నీ చెప్పేసేదాన్ని. ఆయన తల వంచుకుని, "అవునండి, ఆవిడ చెప్పినట్టే," అనేవాడు. జనం నవ్వేవాళ్ళు, హల్లెలూయా అనేవాళ్ళు. టీచరమ్మ జ్ఞాపకశక్తి అని సంఘ పెద్ద మెచ్చుకునేవాడు. నాకు బాగానే ఉండేది.

మూడేళ్ళు గడిచాయి. మూడేళ్ళలో మరో మచ్చ పడకపోతే పాత లైసెన్సు ఇచ్చేసి, ఎర్రసిరా లేని కొత్త పుస్తకం తెచ్చుకోవచ్చని ఎవరో చెప్పారు. తెచ్చుకున్నాడు. అట్ట ఇంకా గంజి వాసన కొడుతోంది. తిరగేసి తిరగేసి చూశాను. ఎక్కడా చుక్క లేదు. ఆయన లారీ ఎక్కని రోజుల్లో దాన్ని నా పెళ్ళి చీర మడతలో పెట్టి ట్రంకు పెట్టెలో దాచేదాన్ని. అంతటితో ఆ సంగతి నేల మీద నుంచే తుడిచిపెట్టుకుపోయిందని నమ్మాను.

ఇంకో రెండేళ్ళకి కువైట్ సంగతి వచ్చింది. గంపలగూడెం వైపు నుంచి తాపీ పనికి వెళ్ళిన ఒకాయన మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. తను పనిచేసే కంపెనీకి పెద్ద లారీలు నడిపే మనిషి ఒకడు కావాలనీ, ఏడాదిలోగా పాస్‌పోర్టు చేతికొస్తే వీసా కాగితం పంపిస్తాననీ ఉత్తరం రాశాడు. మా ఆయన ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని వారం తిరిగాడు. అడిగితే బయటికి తీసి, మళ్ళీ నాచేత చదివించుకునేవాడు.

ఆయనకు కావలసింది మేడలూ మిద్దెలూ కావు. ఒక సొంత లారీ. పాతదైనా సరే. యజమాని ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నుంచి చిన్నవాళ్ళ దాకా అందరూ ఆయన్ని ఒరే అని పిలిచేవాళ్ళు. నలభై దగ్గరపడుతున్న మనిషి, ఒరే అంటే వస్తున్నానయ్యా అని పరిగెత్తేవాడు. "అక్కడ మూడేళ్ళు చేస్తే చాలే. ఆ తర్వాత నన్ను ఒరే అనేవాడు ఉండడు," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. పెళ్ళయ్యాక ఆయన నన్ను అడగకుండా అడిగిన ఒకే ఒక్క కోరిక అది. ఎలాగైనా పంపించి తీరాలనుకున్నాను.

పాస్‌పోర్టు ఫారం ఇంగ్లీషులో ఉంది. నేనే నింపాను. నా చేతిరాత మీద నాకు గొప్ప. ఒక కాలమ్ దగ్గర పెన్ను ఆగింది. ఏదైనా నేరానికి ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా అని.

"ఉందని రాయి," అన్నాడు మా ఆయన.

"పుస్తకంలోనే లేదు కదండీ. మనకు మనం తవ్వుకోవడం ఎందుకు?"

"పుస్తకంలోంచి తీసేశారు. జరిగింది జరిగిందే కదా."

"ఈ నీతులు ఆ రోజు మూడో గ్లాసు దగ్గర గుర్తు రావాల్సింది," అన్నాను.

నేను లేదు అని రాశాను. గుండ్రంగా, ఒత్తి, అందంగా రాశాను.

ఇక్కడ మా పక్కింటివాళ్ళ గురించి చెప్పాలి. పక్కింటాయన కూడా మా ఆయనలాగే అదే ఆసామి దగ్గర ఇంకో లారీ నడిపేవాడు. నేను అన్నయ్య అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. వాళ్ళావిడ నాకు వదిన. ఒకే గుడి, ఒకే చాప. బావి మా దొడ్లో ఉండేది. మధ్యగోడకు ఒక చిన్న తలుపు పెట్టించి, వాళ్ళు మా బావిలోనే నీళ్ళు తోడుకునేవాళ్ళు. ఆ తలుపు లోంచి నీళ్ళు అటు వెళ్ళేవి, కూర గిన్నెలు రెండువైపులా తిరిగేవి.

ఫారం పంపిన మర్నాడు అన్నయ్య వచ్చాడు. "చెల్లెమ్మా, ఆ కోర్టు కాలమ్‌లో ఏం రాశారు?" అని అడిగాడు. నా అనుమానం అక్కడ మొదలైంది. అన్ని కాలమ్‌లుండగా ఈయనకు ఆ కాలమే ఎందుకు? ఎవరో తెలిసినాయన మస్కట్ వెళ్ళేటప్పుడు పోలీసులు ఆ కాలమ్ గురించి ఆరా తీశారని, నిజమే రాయమని చెబుదామని వచ్చానని అన్నాడు. "లేదనే రాశాం. మా తిప్పలు మేం పడతాంలే అన్నయ్యా," అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. వెళ్తూ మా ఆయన్ని కొత్త లైసెన్సు ఒకసారి చూపించమన్నాడు. మా ఆయన తీసి ఇచ్చాడు. చీర మడతలోంచి దాన్ని తీయడం నాకు బొత్తిగా నచ్చలేదు. ఆయన ఒక్కో పేజీ తిప్పుతుంటే, ఏదో వెతుకుతున్నాడని నాకు తోచింది.

ఎందుకు తోచదు? మా ఆయన కాకపోతే ఆ ఉద్యోగానికి తిరువూరు మొత్తం మీద పనికొచ్చే డ్రైవరు ఆయన ఒక్కడే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నెల తిరిగాక పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబులు వచ్చాడు. మామూలు బట్టల్లో, సైకిలు మీద. మా ఆయన లోడుతో బెజవాడ వెళ్ళి ఉన్నాడు. నేను టీ ఇచ్చాను. ఎన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నారు, రాజకీయాల్లో తిరుగుతాడా, అప్పులేమైనా ఉన్నాయా, ఇలాంటివే అడిగాడు. "చుట్టుపక్కల కూడా ఒక మాట కనుక్కోవాలండి టీచరమ్మగారూ, రూలు," అని లేచాడు.

కిటికీ రెక్క సందులోంచి చూస్తూ నిలబడ్డాను. తిన్నగా పక్కింటి అరుగు మీదికే వెళ్ళాడు. అన్నయ్య చాప వేశాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో అన్నయ్య మా ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. కానిస్టేబులు నవ్వాడు. ఒక్క అక్షరం రాసుకోలేదు. పెన్ను జేబులో పెట్టింది పెట్టినట్టే ఉంది, నేను కళ్ళారా చూశాను. రాసుకోకుండా విన్నాడంటే కాగితం మీద పెట్టకూడని మాట ఏదో చెప్పి ఉంటాడనుకున్నాను. ఆ తర్వాత కానిస్టేబులు సైకిలెక్కి సంఘ పెద్దగారి వీధివైపు వెళ్ళాడు. అటు పోతే నాకు బెంగ లేదు. పెద్దాయనకు మేమంటే ప్రాణం.

నాలుగో నెలలో కవరు వచ్చింది. పోస్టాఫీసు గుమ్మంలోనే చించి చదివాను. పోలీసు రిపోర్టు ప్రతికూలంగా ఉన్నందున పాస్‌పోర్టు ఇవ్వడం కుదరదని రెండు లైన్లు. అక్కడే మెట్టు మీద కూర్చుని మళ్ళీ చదివాను.

మా ఆయన ఇంటికొచ్చాక చెప్పాను. ఇంగ్లీషు చదవడం రాకపోయినా కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. చూసి నాలుగు మడతలు పెట్టి కొత్త లైసెన్సు పుస్తకంలో పెట్టాడు.

"ఎందుకో రాశారా?" అన్నాడు.

"ఎందుకేంటి? ఎవరో పోలీసుల చెవిలో ఊదారు. ఆకాశరామన్న ఉత్తరం కూడా రాసే ఉంటారు."

"పోనీలే."

"పోనీలే అంటారేంటండీ? ఎవరో మీకు తెలియదా? మధ్యగోడ అవతల ఎవరున్నారో తెలియదా?"

"మీ అన్నయ్యను ఏమీ అనకు," అన్నాడు. పెరట్లోకి వెళ్ళి బావి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. తిరిగొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళు చూశాక నాకు పక్కింటివాళ్ళ మీద పుట్టిన కసి ఇంతని చెప్పలేను.

ఇంకో నాలుగు నెలలకు నా అనుమానానికి సీలు పడింది. అన్నయ్యకు పాస్‌పోర్టు వచ్చింది. అదే కంపెనీ, అదే ఉద్యోగం. ప్రయాణానికి ముందు రోజు చెప్పిపోవడానికి వచ్చి మా వాకిట్లో నిలబడి, "చెల్లెమ్మా," అని పిలిచాడు. నేను వంటింట్లో గిన్నెలు టపటపలాడించాను తప్ప బయటికి రాలేదు. మర్నాడు ఆయన రేకు పెట్టె మా ఆయనే భుజాన పెట్టుకుని బస్టాండు దాకా మోశాడు. తన నోటిదాకా వచ్చిన కూడు లాక్కున్నవాడి పెట్టె. చూసి ఒంటికాలి మీద లేచాను. ఆయన వచ్చాక రోషం లేదా అని అడిగాను. సిగ్గు లేదా అని కూడా అన్నాను. ఆయన అన్నం పెట్టమన్నాడు.

అన్నయ్య వెళ్ళిపోయాడు, నా కోపం ఎవరి మీద చూపించను? వదిన మీద చూపించాను. ముందు మాట మానేశాను. తర్వాత మధ్యగోడ తలుపుకు మావైపు నుంచి తాళం వేశాను. ఆమె రెండు బిందెలతో వీధి చివర పంపు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. వేసవిలో ఆ పంపు దగ్గర గంటసేపు నిలబడాల్సి వచ్చేది. బడికి వెళ్తూ నేను ఆ లైను పక్క నుంచే పోయేదాన్ని, తల తిప్పేదాన్ని కాదు. గుడిలో చాప మార్చుకున్నాను. వాళ్ళమ్మాయికి టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచాన పడితే చూడటానికి వెళ్ళలేదు. ఎందుకలా ఉన్నావని అడిగినవాళ్ళందరికీ, వాళ్ళాయన మమ్మల్ని ఎలా ముంచాడో కథలాగా చెప్పాను. పెన్ను జేబులోంచి తీయని సంగతితో సహా చెప్పాను. అందరూ నమ్మారు, నేను చెబితే నమ్మకేం చేస్తారు?

వదిన ఒక్క మాట తిరిగి అనలేదు. అననందుకు కూడా అనుమానించాను. తప్పు చేసినవాళ్ళకే నోరు పెగలదని.

అలా ఏడాదిన్నర గడిచాక ఒక జూన్ నెలలో ఆ కానిస్టేబులు మా బడికి వచ్చాడు. కూతుర్ని మూడో తరగతిలో చేర్పించడానికి. మధ్యలో ఎక్కడికో బదిలీ అయి మళ్ళీ మా ఊరికి వచ్చాడట. అడ్మిషన్ల పని ఆ ఏడు నాదే. రిజిస్టరు తెరిచాను గానీ పెన్ను మూత తీయలేదు.

"ఒక సంగతి అడుగుతాను, నిజం చెప్పండి. మా పక్కింటాయన మా ఆయన గురించి మీకేం చెప్పాడు?"

ఆయనకు గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. "ఆ డ్రైవరుగారాండి? అబ్బే, ఆయన మంచే చెప్పాడండి. మరీ మంచి చెప్పాడు. మీ ఆయనకు సారా వాసన కూడా పడదని, కోర్టు గడప తొక్కినవాడు కాదని ఒట్టేశాడు. డ్రైవరై ఉండి వాసనే పడదా అని నాకు నవ్వొచ్చింది. అది రాసుకునే మాట కాదని వదిలేశాను."

"మరి ఉత్తరం రాసిందెవరు?" అన్నాను.

"ఉత్తరమేం రాలేదండి. మీ సంఘ పెద్దగారే చెప్పారు. చెడ్డగా కాదు. మీ ఆయన్ని ఆకాశానికెత్తారు. అంత తాగుబోతు ఇంత బుద్ధిమంతుడయ్యాడంటే మామూలు విషయమా అన్నారు. కోర్టు, తారీకు, వారం, జరిమానా అన్నీ చెప్పారు. ఇన్నేళ్ళయినా అంత గుర్తెలా ఉందండీ అంటే, ఆయన భార్య నెలనెలా గుడిలో అందిస్తుంది కదా, మా అందరికీ కంఠతా వచ్చేసింది అన్నారు."

పిల్లలు లోపల ఎక్కాలు చదువుతున్నారు. కానిస్టేబులు ఇంకా చెబుతూనే ఉన్నాడు. తారీకు తెలిసింది కాబట్టి కోర్టులో రిజిస్టరు తీయించగలిగాడట. ఏ సంవత్సరమో కూడా తెలియకపోతే అన్ని కట్టలు ఎవరు విప్పుతారని అన్నాడు.

"తాగి నడిపితే పాస్‌పోర్టు ఇవ్వరా?" అన్నాను.

"దానికేముందండి, జరిమానా కేసు. ఉందని రాసుంటే నేనే రాసేవాణ్ణి, జరిమానా కట్టాడు, తర్వాత ఏ గొడవా లేదు, మంచివాడు అని. వెళ్ళిపోయేవాడు. ఆ ఏడు అలాంటివాళ్ళిద్దరికి రాశాను కూడా. కానీ ఫారంలో లేదని ఉంది. కోర్టు రిజిస్టరులో ఉందని ఉంది. అబద్ధం రాసినవాడికి నేనెలా రాస్తానండి? ఆ ఫారం నింపినవాళ్ళెవరోగానీ నిలువునా ముంచేశారు. చేతిరాత మాత్రం ముత్యాలేనండి, ఇప్పటికీ గుర్తుంది."

నేను పెన్ను మూత తీసి ఆయన కూతురి పేరు ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఆయన బల్ల మీదికి వంగి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఏదో అనబోయి ఆగిపోయాడు. పని అయ్యాక దండం పెట్టి, నా ముఖం చూడకుండా కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఆయన లారీ దిగి వచ్చేసరికి నేను పొయ్యి కూడా వెలిగించలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

ఏం తెలుసని అడగలేదు. అరుగు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "తెలుసు. విచారణకొచ్చిన పోలీసుకు నీ గురించి గొప్పగా చెప్పానయ్యా అని పెద్దాయనే ఆ వారం గుడిలో నాతో అన్నాడు. ఆ కవరు రాగానే అర్థమైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? ముందు పెద్దాయన మీద పడతావు. ఆ తర్వాత నిన్ను నువ్వు తినేస్తావు. నువ్వు నిద్రపోకుండా కూర్చుంటే నేను చూడలేను."

"అందుకని అన్నయ్యను తిట్టనిచ్చారా?"

"సంగతి వాడికి చెప్పాను, వాడే నీకు చెప్పొద్దన్నాడు. వెళ్ళేముందు అడిగాడు కూడా, నేను వెళ్ళనా వద్దా అని. నేనే వెళ్ళమన్నాను. చెల్లెమ్మ తిట్టుకుంటే తిట్టుకోనీ, అంత దూరం నాకేం వినపడుతుంది అని నవ్వాడు."

"వదినకు వినపడుతుంది కదండీ," అన్నాను.

ఆయన తువ్వాలు మడతపెడుతూ ఉండిపోయాడు. అది ఆయన ఆలోచించలేదు. లేదా ఆలోచించీ ఊరుకున్నాడు. ఈ రెండింటిలో ఏదో నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఆ పూట నాకు తెలిసొచ్చింది ఒక్కటే. సొంత లారీని మా ఆయన చేతిలోంచి జార్చింది నేను. ఒకసారి కాదు, రెండుసార్లు. కాగితం మీద దాచాల్సిన అవసరం లేనిది దాచి ఒకసారి, గుడిలో ఊరందరికీ వల్లెవేయించి ఒకసారి. దుఃఖం తన్నుకొచ్చింది. ఆయన నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేయమని అందామనుకున్నాను గానీ అనలేకపోయాను.

మళ్ళీ దరఖాస్తు పెడదామా అంటే, ఇంక ఏ ఫారమూ వద్దన్నాడు. కువైట్‌లో ఆ కుర్చీలో అన్నయ్య కూర్చున్నాడు, ఆయన్ని ఎవరు లేపుతారు? మా ఆయన ఆ ఆసామి లారీయే నడిపాడు, ఓపిక ఉన్నంతకాలం. ఒరే అంటే వస్తున్నానయ్యా అంటూనే నడిపాడు.

ఆ మర్నాడే మధ్యగోడ తలుపు తాళం తీశాను. తీసి తలుపు తెరిచి ఉంచాను. వదిన రాలేదు. బిందెలు తీసుకుని వీధి చివర పంపుకే వెళ్ళింది. వారమంతా అంతే. వెళ్ళి మాట్లాడదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. గుమ్మంలో నిలబడి ఇద్దరి మధ్య చెప్పుకుంటే సరిపోదు. నేను చాటింపు వేసింది ఊరందరికీ కదా.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ప్రసంగం అయ్యాక మా ఆయన ఎప్పటిలాగే లేవబోయాడు. నేను ముందే లేచాను. పెళ్ళయ్యాక ఆ గుడిలో నా గురించి నేను సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆయన పాపాలే చెప్పాను.

ఫారం గురించి చెప్పాను. ఆ కాలమ్ గురించి, మా ఆయన ఏం రాయమన్నాడో, నేనేం రాశానో చెప్పాను. పక్కింటాయన ఉత్తరం రాశాడని మీ అందరితో అన్నది నేనేననీ, ఆయన ఉత్తరం రాయలేదనీ, ఊరు మొత్తంలో మా కోసం అబద్ధమాడింది ఆయనొక్కడేననీ చెప్పాను. సంఘ పెద్ద తల దించుకున్నాడు. ఆయన తప్పేమీ లేదని కూడా చెప్పాను. ఎప్పుడు కూర్చుందామా అని ఉంది.

"అనవసరంగా అనుమానించి, ఏడాదిపాటు వాళ్ళావిడతో మాట్లాడలేదు. దేవుడు నన్ను క్షమించాలి," అని కూర్చోబోయాను.

"ఏడాది కాదు," అని ఆడవాళ్ళ చాపల వెనక వరస నుంచి వినిపించింది. వదిన గొంతు. తల ఎత్తలేదు, ఒళ్ళో పడుకున్న కూతురి జడ సవరిస్తూనే ఉంది. "ఏడాదిన్నర."

గుడిలో ఎవరూ నవ్వలేదు.

"అవును, ఏడాదిన్నర," అన్నాను.

"బావి తలుపు తాళం సంగతి కూడా చెప్పు," అంది.

మళ్ళీ లేచి నిలబడి, అది కూడా చెప్పాను.